శీనూ, ఆ కుక్కపిల్లకి టీకా వేయించావా?

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

ఫోటో చూశాన్రా. భలే ముద్దుగా ఉంది. మీ అమ్మాయి దాన్ని ఒళ్లోంచి దించడం లేదని చెల్లెమ్మ చెప్పింది. అంతా బాగానే ఉంది గానీ టీకా సంగతి మాత్రం నువ్వు ఎత్తలేదు. నాకు టెన్షన్ అంతా అక్కడే.

రెండు నెలల కుక్కపిల్ల విషయంలో ముందు భయపడాల్సింది పార్వో అనే వైరస్ జబ్బుకి. తిండి మానేస్తుంది, వాంతులు, ఆ తర్వాత నెత్తురు విరేచనాలు. ఆ కంపు ఒకసారి తగిలితే మర్చిపోలేం. రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మన చెప్పులకి అంటుకుని ఇంట్లోకొస్తుంది, మామూలు ఫినాయిల్‌కి లొంగదు. 6-8 వారాల వయసులో మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఒక్క డోసుతో అయిపోయిందనుకోకు. డిస్టెంపర్‌కి (అదీ కుక్కలకి వచ్చే వైరస్ జబ్బే) కూడా అందులోనే రక్షణ ఉంటుంది. అవి పూర్తయ్యేదాకా దాన్ని వీధిలోకి దించొద్దు. సిరిమానోత్సవానికి మీరందరూ రండి, కుక్కపిల్లని మాత్రం తేవద్దు.

ఇక పిడుదులు. మా పక్కింటి లాబ్రడార్ అన్నం మానేసి చల్లటి గచ్చు మీద పడుంటే ఎండ దెబ్బ అనుకున్నారు. నేను చెవి మడత విప్పి చూస్తే లోపల ఆముదం గింజల్లా ఉబ్బిన పిడుదులు! వేళ్ల సందుల్లోనూ అవే. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రక్తపరీక్షలో ఎర్లికియా అని, పిడుదుల వల్ల వచ్చే జబ్బని తేలింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడితే లేచి తిరిగింది. ఇంకొన్నాళ్లు ఆగుంటే ముక్కులోంచి రక్తం కారే దశకొచ్చేది. నువ్వు రోజూ సాయంత్రం చెవులు, వేళ్ల సందులు, తోక కింద చూడు. కనపడితే చేత్తో నలపకు, పట్టకారుతో చర్మం దగ్గర పట్టి లాగెయ్.

అమ్మ పెంచుకునే పిల్లి సంగతి కూడా చెప్తా. ఒళ్లు వెచ్చగా ఉందని దానికి పారాసెటమాల్ ఇవ్వనివ్వకు. మనకి మామూలు మాత్రే, పిల్లి శరీరం మాత్రం దాన్ని విరిచేసుకోలేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. కుక్కలకి పూసే పిడుదుల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అదీ పిల్లికి విషమే, ఫిట్స్ వస్తాయి. మగపిల్లి మాటిమాటికీ కూర్చుంటూ మూత్రం రాక అరుస్తుంటే మలబద్ధకం అనుకోవద్దు, గంటల్లో డాక్టరు దగ్గరుండాలి.

మళ్లీ కుక్కపిల్ల సంగతికొస్తే, రేబిస్ టీకా మూడు నెలల వయసులో. తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టర్. అమ్మాయికి దాని పన్ను గీరుకున్నా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లు. ఎవరు చెప్పినా కారం, సున్నం, పసరు పెట్టనివ్వకు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం లేదురా.

మీ ఊళ్లో డాక్టరు దొరక్కపోతే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, పొద్దున్నే బయల్దేరు. నేనూ వస్తాను. రేపే మొదటి టీకా వేయించి, కార్డు మీద తేదీలు రాయించి ఫోటో పంపు.

నీ
రాము