మీకు తెలియనిది కూడా చెప్పండి

సంపాదకులు గారికి,

విపత్తు వచ్చినప్పుడు జనం పత్రికలను పక్కనపెట్టి, ఫోనులో ఎవరో పంపిన వీడియోలనే నమ్ముతున్నారని ఇటీవల మీ సంపాదకీయం వాపోయింది. తప్పంతా పాఠకుడి నెత్తినే రుద్దారు. చాలా ఏళ్లు భూగోళశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని, రోజూ రెండు పత్రికలు చదివేవాణ్ని. మా వైపు మాట కూడా కాస్త వినండి.

2017 సెప్టెంబరు 19న మెక్సికోలో భూకంపం వచ్చింది. రాజధానిలో ఒక పాఠశాల కూలింది. శిథిలాల కింద ఫ్రీదా సోఫియా అనే పన్నెండేళ్ల పాప ప్రాణాలతో ఉందని టీవీలు చెప్పడం మొదలుపెట్టాయి. వేళ్లు కదిలించిందన్నారు. గొట్టం ద్వారా నీళ్లు అందించారన్నారు. పక్కన ఇంకొందరు పిల్లలు ఉన్నారని ఆ పాపే చెప్పిందన్నారు. దేశమంతా కళ్లు ఆర్పకుండా చూసింది. తీరా రెండు రోజులయ్యాక తేలిందేమిటంటే, ఆ పేరుగల పిల్ల ఆ బడిలో లేనే లేదు. ఆ పాప మాదేనంటూ ఏ తల్లీ తండ్రీ రాలేదు. ఆ ఒక్క సంగతి చాలదా, కెమెరాను కాసేపు ఆపి ఆలోచించడానికి?

విలేకరులు ఆ పాపను కల్పించలేదు, నిజమే. సహాయక చర్యలు చేస్తున్న నౌకాదళం అధికారులే చెప్పారు. ఆనక ఆ నౌకాదళమే క్షమాపణ కోరింది. కానీ అధికారి నోటి నుంచి వచ్చిన మాట ‘అధికారి ఇలా అన్నారు’ అని రాయడానికే ఆధారం. పాప ఉందని రాయడానికి కాదు. ఈ తేడా చూపించాల్సింది డెస్కులో కూర్చున్నవారు. చూపించకపోతే, అధికారి పొరపాటు పత్రిక పొరపాటుగా మారి మా ఇళ్లలోకి వస్తుంది. బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. ఆ శిథిలాల్లో నిజంగానే పిల్లలు చనిపోయారు. ఆ రెండు రోజులూ లేని పాప మీద ఉన్నంత ధ్యాస వాళ్ల మీద లేదు.

2005లో కత్రినా తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచినప్పుడు కూడా ఇదే జరిగింది. సూపర్‌డోమ్ అనే స్టేడియంలో తలదాచుకున్న వేలమంది మధ్య హత్యలు, అత్యాచారాలు జరిగిపోతున్నాయని ప్రపంచమంతా చదివింది. మేయరు, పోలీసు అధిపతి కూడా అదే మాట అన్నారు. చివరికి అక్కడ లెక్కతేలిన మృతులు ఆరుగురు. నలుగురివి సహజ మరణాలు, ఒకరు మత్తుమందు మోతాదు మించి, ఇంకొకరు పైనుంచి దూకి చనిపోయారు. హత్య ఒక్కటీ లేదు. ఈ లెక్క తేల్చి ముద్రించింది టైమ్స్ పికయూన్ అనే ఆ ఊరి పత్రికే. మొదట్లో అదీ అలాంటి వార్తలు వేసింది. నెల తిరగకముందే, ఏది నిజమో ఏది కాదో మళ్లీ ఆరా తీసి పాఠకుల ముందు పెట్టింది. మరుసటి ఏడాది, అమెరికాలో పత్రికా రచనకు ఇచ్చే పులిట్జర్ పురస్కారాలు రెండు ఆ పత్రికకు వచ్చాయి. సవరణ వేస్తే పరువు పోతుందని మీ దగ్గర ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఫోన్ల మీద నెపం వేయడం సులువు. 1923లో జపాన్‌లోని కాంతో ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు ఎవరి చేతిలోనూ సెల్‌ఫోను లేదు. కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారును ముద్రించిన పత్రికలు మాత్రం ఉన్నాయి. పెద్ద సంఖ్యలో కొరియన్లను ఊచకోత కోశారు.

ఆ జపాన్ నుంచే నేర్చుకోవలసిన పని ఒకటుంది. 2011 మార్చి 11న అక్కడి వాతావరణ సంస్థ భూకంప పరిమాణాన్ని మొదట 7.9గా అంచనా వేసింది. అసలు పరిమాణం 9.0. తక్కువ అంచనా మీద లెక్కకట్టి, ఇవాతే తీరానికి 3 మీటర్లు, మియాగి తీరానికి 6 మీటర్ల సునామీ వస్తుందని హెచ్చరించింది. అరగంటలోపే ఆ అంకెలు పెంచింది గానీ, కరెంటు పోయిన చోట్ల రెండో మాట చాలామందికి చేరలేదు. మూడు మీటర్లే కదా అని ఆగిపోయినవారున్నారు. అందుకే 2013 నుంచి పద్ధతి మార్చారు. మరీ పెద్ద భూకంపమై, పరిమాణం వెంటనే తేలకపోతే, తొలి హెచ్చరికలో మీటర్లు చెప్పరు. ‘భారీ’ అని మాత్రం అంటారు. అంకె తర్వాత వస్తుంది. 2024 జనవరి 1న నోటో భూకంపం వచ్చినప్పుడు జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ప్రసారకర్త నిమ్మళంగా అంకెలు చదువుతూ కూర్చోలేదు, వెంటనే పారిపొమ్మని కేక పెట్టింది. తెలియని అంకెను చెప్పకూడదని పద్ధతి మార్చుకున్నందుకు ఆ వాతావరణ సంస్థ చిన్నదైపోయిందా?

మన దగ్గర అంకె లేకపోతే వార్తే లేదు. పొద్దున 40 మంది మృతి అంటారు, మర్నాడు 27 అంటారు. ఆ పదముగ్గురూ ఎలా బతికి వచ్చారో చెప్పరు. గల్లంతైనవారిని కలిపి లెక్కించారా, ఒకే పేరు రెండు ఆసుపత్రుల జాబితాల్లో పడిందా? చెప్పండి, అర్థం చేసుకుంటాం. తొలి లెక్క తప్పుతుందని మాకూ తెలుసు. మొదటి అంకె పతాక శీర్షికలోనూ, రెండోది ఏ గొడవా లేకుండా లోపలి పేజీలోనూ రావడమే మాకు మింగుడుపడదు.

శీర్షికల గురించి కూడా ఒక మాట. ‘ప్రకృతి పగబట్టింది’, ‘వరుణుడి ఆగ్రహం’ అని రాసేస్తే నిందితుడు దొరికినట్టే, కేసు మూసేసినట్టే. నీళ్లు వెళ్లాల్సిన దారిలో ఇళ్లకు అనుమతి ఎవరిచ్చారని ఇక వరుణుణ్నే అడగాలి. ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అనేదీ అంతే. అది ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద. ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా కనీసం ఒకసారైనా రావడానికి నూటికి 26 పాళ్ల అవకాశం ఉంది. మీ మాట నమ్మి, ఇక వందేళ్లు దిగుల్లేదనుకున్నవాడు మళ్లీ మునిగితే మిమ్మల్ని నమ్ముతాడా?

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. విపత్తు వార్త పక్కన చిన్న పెట్టె కట్టి, ఈ లెక్క ఎన్ని గంటలకు, ఎవరిచ్చినది, ఇంకా ఏమేమి తేలలేదు అన్నవి వేయండి. తప్పు దొర్లితే, తప్పు వచ్చిన పేజీలోనే సవరణ వేయండి. అయిదో పేజీ మూల చీమ తలకాయంత అక్షరాల్లో కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

తా.క.: ‘రిక్టర్ స్కేలుపై నమోదైంది’ అని రాయడం ఇకనైనా మానండి. 1935లో కాలిఫోర్నియా భూకంపాల కోసం తయారుచేసిన ఆ కొలమానాన్ని పెద్ద భూకంపాలకు శాస్త్రవేత్తలు వాడటం మానేసి దశాబ్దాలైంది. ‘పరిమాణం 7.1’ అంటే సరిపోతుంది, ఒక పంక్తి జాగా కూడా మిగులుతుంది.