సాయం కోసం పాటకు హాలు ఇవ్వండి, బాస్కెట్‌బాల్ నేలను కాపాడి ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆపదలో ఉన్నవాళ్ల కోసం పాట కచేరీ పెట్టి నిధులు సేకరించడం మంచి పని. 2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో తలసేమియా బాధితుల కోసం తమన్ మ్యూజికల్ నైట్ జరిగింది. దానికి రెండు వారాల ముందు అమెరికాలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు బాధితుల కోసం ఫైర్‌ఎయిడ్ అనే కచేరీ జరిగింది. దాని రెండు వేదికల్లో ఒకటి క్లిప్పర్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఆడే ఇంట్యూట్ డోమ్. 1971 ఆగస్టు 1న రవిశంకర్, జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ చేసిన మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కూడా న్యూయార్క్ నిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు సొంత కోర్టే.

అయితే అమెరికాలోని ఆ రెండు హాళ్లలో చెక్క నేల పలకలుగా ఊడి వస్తుంది. కచేరీకి ముందు తీసి పక్కన పెడతారు, ఆట రోజున మళ్లీ బిగిస్తారు. మన ఇండోర్ స్టేడియాల్లో మేపుల్ చెక్క నేల చాలావరకు భవనానికే శాశ్వతంగా బిగించి ఉంటుంది. దాని మీదే స్టేజీ, కుర్చీలు, స్పీకర్లు, జనం. ఈ తేడా హాలు అద్దెకిచ్చే ఉత్తర్వులో కనబడాలని మా విన్నపం.

నేల ఎలా పాడవుతుందో చెబుతాం. స్టేజీ కాలు సుమారు 48 మిల్లీమీటర్ల గొట్టం. దాని మీద 500 కిలోలు పడితే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 28 కిలోల దాకా ఒత్తిడి. చెక్కలో గుంట పడుతుంది, కింది రబ్బరు దిమ్మలు నలిగిపోతాయి, అక్కడ బంతి లేవదు. అదే కాలి కింద ముందు ఉక్కు ప్లేటు, దాని కింద 60 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ రెండు పొరలు వేస్తే బరువు ఎన్నో రెట్ల వైశాల్యానికి పరుచుకుంటుంది. ప్లై కొంత వంగుతుంది కాబట్టి ఒక్క పొర చాలదు.

మిగతా నేలంతా కప్పాలి. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టూ 2 మీటర్ల ఖాళీ కలిపితే 608 చదరపు మీటర్లు. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీట్లు లెక్కకు 205 కావాలి, కోతలతో 220 అనుకోండి. వాటి కింద గాలి ఆడే ఫెల్టు (మందపాటి ఒత్తు గుడ్డ) పరచాలి. చవకని పాలిథిన్ పరుస్తారు, అదే పెద్ద తప్పు. తేమ బయటికి పోలేక పలకల అంచులు పైకి లేస్తాయి. మేపుల్‌కు గాల్లో తేమ 35 నుంచి 50 శాతం ఉండాలి. మన కోస్తాలో అది మామూలుగానే దాటుతుంది, పైగా నిండు హాలు జనం చెమట, ఊపిరి. అందుకే కచేరీ ముగియగానే ఏసీ ఆపేయకూడదు. రాత్రంతా నడిపించి, 24 గంటల్లో షీట్లు ఎత్తేయాలి. టేపు షీట్ల అతుకుల మీదే వేయాలి, నేల మీద వేస్తే పాలీయురేథేన్ పూత టేపుతో పాటు ఊడి వస్తుంది. ఇసుకను ముందు పొడి మాపుతో తీసేయాలి. బక్కెట్టు నీళ్లతో కడగడం అసలు వద్దు.

ఆరుబయట కోర్టుల గోడు వేరు. టెంట్‌హౌస్ వాళ్లు షామియానా కోసం ఇనుప గూటాలు కొడితే యాక్రిలిక్ పూత చీలి, వానకు ఆ బీటలోంచి నీరు దిగి, కింది కాంక్రీటు పాడవుతుంది. గూటాలకు బదులు 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములకు తాళ్లు కట్టవచ్చు. గాలి ఎక్కువుండే చోట ఒక్కో తాడుకు రెండు డ్రమ్ములు కావాలి.

ఒక్కో స్టేడియానికి ఒక షీట్ల సెట్టు శాఖే కొని ఉంచాలి. నిర్వాహకుల దగ్గర తిరిగి ఇచ్చే డిపాజిట్ తీసుకోవాలి. కచేరీకి ముందూ తర్వాతా కోచ్, నిర్వాహకుడు కలిసి చూడాలి: ఒకే బంతిని 1.8 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద ఇరవై చోట్ల వదిలి, ఎంత లేచిందో రాసుకుని, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకచోట తక్కువ లేస్తే మరమ్మతు ఖర్చు డిపాజిట్ నుంచే. హాలు అద్దెలో కొంత భాగం ఆ స్టేడియం ఖాతాలోనే ఉంచండి. ఏటా పైపూత వేయడానికి అది కావాలి. ఇప్పుడైతే అద్దె ఒక చోటికి, నష్టం ఒక చోటికి పోతోంది.

డబ్బు విషయంలోనూ ఒక షరతు కావాలి. బంగ్లాదేశ్ కచేరీకి పన్ను మినహాయింపు ముందే ఏర్పాటు చేసుకోకపోవడంతో రికార్డు, సినిమా రాబడి అమెరికా పన్నుల శాఖ దగ్గర ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది. మన దగ్గర హాలు ఇచ్చే ముందే సాయం అందుకునే సంస్థ పేరు, బ్యాంకు ఖాతా, ఖర్చుల అంచనా చూడండి. మూడు నెలల్లో లెక్కలు బహిరంగంగా పెట్టకపోతే డిపాజిట్ తిరిగివ్వకండి.

ఏప్రిల్, మే నెలల్లో వేసవి శిక్షణ శిబిరాలు నడుస్తాయి. పొద్దున్నే వచ్చే పిల్లలకు కోర్టు నాలుగు రోజులు మూతపడితే ఆ వారం పోయినట్టే. ఆ రెండు నెలలు ఇండోర్ హాళ్లను ఎంత మంచి పనికైనా అద్దెకు ఇవ్వవద్దని కూడా ఉత్తర్వులో చేర్చండి.

ఇట్లు,
కోర్టుల నిర్వహణ తెలిసిన కొందరు బాస్కెట్‌బాల్ శిక్షకులు