వానలకు ముందే గుత్తికోయ గూడేలకు: ములుగు కలెక్టర్‌కు బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ విడిచి ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో తలదాచుకున్న గుత్తికోయ ఆదివాసీలకు వానాకాలమే అసలు గండం. వాగు పొంగితే అంబులెన్స్ రాదు. నెలలు నిండే గర్భిణుల జాబితా మే నెలలోనే తీసి, కాన్పుకు పది రోజుల ముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చండి.

క్లోరిన్ బిళ్లలు పంచితే సరిపోదు. చెలమ నీళ్లను ముందు గుడ్డతో వడగట్టాలి, బిళ్ల వేశాక అరగంట ఆగాలి. బురద నీళ్లయితే మందంతా మట్టికే పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లకు. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు ప్రమాదం. ఇవన్నీ కోయ భాషలో చెప్పే మనిషి కావాలి, పోస్టర్ కాదు.

దోమతెర ఇంటికొకటి చాలదు, ఇద్దరికొకటి ఇవ్వండి. ఆధార్ లేదని ఎవరినీ వెనక్కి పంపొద్దు. మలేరియా పరీక్షకు కావలసింది ఒక్క నెత్తుటి చుక్కే, కార్డుతో పనేముంది?

ఇట్లు,
ములుగు జిల్లా ఆరోగ్య కార్యకర్తలు