మా లడ్డును కాపాడినవాళ్లకు

మొన్న ఆదివారం రాత్రి మా కుక్క లడ్డు కోసం నిద్ర చెడగొట్టుకున్నవాళ్లందరికీ ఈ నాలుగు మాటలు. హన్మకొండలో ఆ టైముకు పశువుల డాక్టర్ దొరకడమే మా అదృష్టం.

అత్తమ్మ షుగర్ గోళీలు, గ్లిమిపిరైడ్ 2 ఎంజీవి, టీవీ పక్కన పెట్టి మర్చిపోయింది నేనే. తొమ్మిదిన్నరకు చూస్తే షీటు సోఫా కింద నమిలేసి ఉంది. వెండిరేకు నిండా పంటిగాట్లు, పక్కనే తోక ఊపుకుంటూ లడ్డు. 12 కిలోల ప్రాణి. "ఉప్పునీళ్లు తాపి కక్కిద్దాం బిడ్డా" అన్నది అత్తమ్మ. నేను గిన్నె కూడా తీశాను.

పక్కింటి అక్కా, "డాక్టర్‌ను అడగకుండా ఏం తాపకు" అని నువ్వు గోడ అవతల నుంచి అరవకపోతే ఆ పనీ చేసేదాన్ని. ఉప్పు ఒంట్లో ఎక్కువైతే కుక్కకు అదే ఇంకో విషమని తర్వాత తెలిసింది.

డాక్టర్ సార్, ఫోన్‌లో మీరు ముందుగా అడిగింది "ఎన్ని మిగిలాయమ్మా?" అని. మేడ మీద అద్దెకుండే పిల్లలు ఫోన్ లైట్లు వేసుకొని నేల మీద బోర్లా పడుకొని వెతికారు. మంచం కింద రెండు, చీపురు వెనుక ఒకటి దొరికాయి. పది గోళీల షీటులో అత్తమ్మ పొద్దున వేసుకున్నది ఒకటి. అంటే లడ్డు మింగినవి ఆరు.

ఆటోలో మీ దగ్గరికి తెచ్చేసరికి, గోళీలు మింగి ముప్పావుగంట కూడా కాలేదు కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు. నాలుగు బయటపడ్డాయి, సగం కరిగి. ఇక ఇంటికి పోవచ్చనుకున్నా. మీరు పోనివ్వలేదు. ఈ మందు ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరిస్తూనే ఉంటుందట, దాంతో షుగర్ గంటల తర్వాత కూడా పడిపోవచ్చట. కాంపౌండర్ అన్న లడ్డు చెవి అంచున సూదితో గుచ్చి, అత్తమ్మ వాడేలాంటి మిషన్‌తోనే చూశాడు. రాత్రి ఒంటిగంటకు షుగర్ 52కు పడిపోయింది! అది నిలబడలేక కాళ్లు వణికించింది, నేను కూడా. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఎక్కించి, తెల్లారేదాకా గంటగంటకూ చెవి గుచ్చుతూ కూర్చున్నాడు. సోమవారం రాత్రికి గానీ వదల్లేదు.

ఆటో అన్నా, సీటు మీద ఉచ్చ పోసినా ఏమనలేదు, కిరాయి తీసుకోలేదు. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ భోజనానికి రావాలి, మటన్ నేనే వండుతా.

గోళీల డబ్బా ఇప్పుడు అల్మారా పై అరలో ఉంది. చేతికి అందట్లేదని అత్తమ్మ పొద్దున్నే నన్ను లేపుతోంది.