మురుగు మా ఇంట్లోనే ఉంది, ఫిర్యాదు మాత్రం మూసేశారు: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కరించి రాయునది.

అయ్యా, ఇది నా నాలుగో అర్జీ. రెండు వార్డు ఆఫీసులో ఇచ్చాను, ఒకటి సోమవారం అర్జీల రోజున ఇచ్చాను. రసీదులు దాచుకున్నాను, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మొన్న శనివారం రాత్రి పదకొండున్నరకి మా బాత్రూంలో నీళ్లు పోయే తూము, అదే నహానీ ట్రాప్, బుడబుడమంది. చూస్తుండగానే నల్లటి నీళ్లు పైకొచ్చాయి. మాది కింది పోర్షన్. పైవాళ్లు కుళాయి తిప్పినప్పుడల్లా ఆ నీళ్లు మా గచ్చు మీదికే వస్తాయి. తలుపు సందులో గోనెసంచులు, పాత చీరలు కుక్కినా ఆగలేదు. మా అత్తయ్యకి పక్షవాతం, మంచం దిగలేదు. ఆవిడ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. మాట రాదు కదా, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తెల్లవార్లూ మా వంకే చూస్తూ ఉండిపోయింది.

ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేస్తే "రేపు ఆదివారం, సోమవారం వస్తారు" అన్నారు. ఆదివారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. అప్పటికి వంటింట్లో చీలమండలోతు మురుగు, బియ్యం బస్తా అడుగు తడిసి కంపు కొడుతోంది. ఎవరు పరిష్కరించారయ్యా? మా గేటు దాకా కూడా ఎవరూ రాలేదు.

ఇక ఆగలేక ప్రైవేటు వాళ్లని పిలిచాం. నాలుగు వేలు అడిగితే ఇచ్చాం. వెదురు బద్దలతో గంటసేపు పొడిస్తే మా చాంబర్లోంచి తెల్లగా గడ్డకట్టిన జిడ్డు ముద్ద ఒకటి ఊడొచ్చింది. దాని నిండా జుట్టు, షాంపూ ప్యాకెట్లు, ఒక డైపరు. కానీ వీధి మ్యాన్‌హోల్ అప్పటికీ అంచుదాకా నిండే ఉంది. "దిగితే గానీ పోదమ్మా, ఇంకో వెయ్యి ఇవ్వండి" అన్నాడు వాళ్లలో ఒక కుర్రాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. చొక్కా విప్పబోతుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దించడం నేరమని 2013 నుంచి చట్టం ఉంది. అలా చనిపోతే కుటుంబానికి 30 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఇవన్నీ మీకు తెలుసు. నా గచ్చు ఆరడం కోసం ఆ పిల్లాణ్ణి ఎలా దించమంటారు? శనివారం రాత్రే మురుగు తీసే మిషను వచ్చి ఉంటే ఆ మాట వాడి నోట వచ్చేదే కాదు.

తప్పు మా వైపూ ఉంది, కాదనను. వేపుడు చేశాక మిగిలిన నూనె సింకులో పోస్తాం. అది పైపులో చల్లారి పేరుకుంటుంది, మెతుకులూ జుట్టూ దానికే అతుక్కుంటాయి. ఆ ముద్దని పైవాళ్లందరికీ చూపించాను. ఇప్పుడు మా బిల్డింగులో ప్రతి సింకుకీ జాలీ ఉంది. వీధి లైను మాత్రం మా చేతిలో లేదు కదా. డాబా ఇళ్ల కాలంలో వేసిన ఆరంగుళాల గొట్టానికి ఈరోజు మూడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు కలిపారు. మలుపులో టిఫిన్ సెంటర్ జిడ్డు నీళ్లన్నీ అందులోకే. వాన కాలవ లేదు గనక, వానొస్తే రోడ్డు మీద నీళ్లు పోవడానికి ఎవరో ఒకరు మ్యాన్‌హోల్ మూత ఎత్తుతారు. ఇసుక, కంకర, కవర్లు అన్నీ లోపలికి. వానలకి ముందే పూడిక తీశామన్నారు. మా వీధిలో మిషను చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

అయ్యా, రాత్రిపూట పలికే మనిషినీ, కదిలే మిషనునూ ఇప్పించండి. ఆదివారమైనా సరే. మురుగు అత్యవసరాలకి 14420 అన్నారు, మా వార్డు ఆఫీసులో అడిగితే ఆ నంబరు వాళ్లకే తెలియదు. కనీసం గోడ మీద రాయించండి. మేం సంతకం పెట్టకుండా ఫిర్యాదు మూసేయొద్దని చెప్పండి. ఒక్కసారి మా వీధికి రండి, మీరైనా రండి, మీ ఇంజినీరునైనా పంపండి.

ఇది రాస్తుంటే మళ్లీ మబ్బు పట్టింది. అత్తయ్య మంచం కింద ఇటుకలు ఇంకా తీయలేదు.

ఇట్లు,
కింది పోర్షన్‌లో ఉండే ఒక గృహిణి