ఐదు తరగతులకు ఒక్క సారు, పైగా హోంవర్క్ మీద మెమో!

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో మా ఊరి ప్రైమరీ స్కూల్ తనిఖీ వార్త చదివాను. హోంవర్క్ నోటుబుక్కుల్లో టీచర్ సంతకాలు లేవని, మూడో తరగతి పిల్లలు పాఠం చదవలేకపోయారని, అందుకే సారుకు మెమో ఇచ్చారని రాశారు. ఆ బడిలో ఆయన ఒక్కడే టీచర్ అన్న సంగతి వార్త చిట్టచివర ఒక్క ముక్కలో వచ్చింది. మొదట రాయాల్సిన మాట అది. దాని మీద అధికారులు గానీ, మా నాయకులు గానీ ఏమైనా అంటారేమోనని ఆగి చూశాను. ఎవరూ నోరు విప్పలేదు.

నేను ఎస్జీటీగా, అంటే ప్రైమరీ తరగతులకు చెప్పే టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ బడికి వీలున్నప్పుడల్లా వెళ్తుంటాను, సారు చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుకు పోయిన రోజున పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తుంటాను. కాబట్టి విని రాస్తున్నది కాదు ఇది. మన తెలంగాణలో టీచర్ల నియామకానికి 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు కదా, ఆ విడతలోనే మా బడికి రెండో టీచరమ్మ వచ్చింది. ఊరంతా సంబరపడ్డాం. ఏడాది తిరగకముందే ఆమెను డిప్యుటేషన్ మీద రోడ్డు పక్కనున్న పెద్ద బడికి పంపేశారు. కొద్ది రోజులకేనని చెప్పారు. ఇంతవరకు తిరిగి రాలేదు. అడిగితే ఎంఈవో ఆఫీసు వాళ్లు జిల్లా ఆఫీసు పేరు చెప్తారు, జిల్లా ఆఫీసు వాళ్లు మళ్లీ ఎంఈవో దగ్గరికే పొమ్మంటారు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని అందులో రాసిపెట్టారు. ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన జరగాలని కూడా ఉంది. అంటే రోజుకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్ని ఒక్క టీచరు ఐదు తరగతులకు పంచితే తరగతికి వచ్చేది 48 నిమిషాలు. మూడో తరగతి నుంచి తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం నాలుగూ ఉంటాయి. సబ్జెక్టుకు 12 నిమిషాలు. అది కూడా సారు ఫోన్ మోగకపోతే, మధ్యాహ్న భోజనం లెక్క పంపాల్సిన పని లేకపోతే, హాజరు కోసం పిల్లల ముఖాలు ఫోనులో పట్టేటప్పుడు సిగ్నల్ సరిగా ఉంటే.

తనిఖీకి వచ్చిన అధికారి గంటసేపైనా వెనక బల్ల మీద కూర్చుని ఉంటే ఆ 12 నిమిషాలు ఎలా పోతాయో కళ్లారా చూసేవారు. ఒక గదిలో ఒకటి, రెండు తరగతులు. పక్క గదిలో మిగతా మూడు. బోర్డు మీద చాక్‌పీసుతో నిలువు గీత. ఒక పక్క నాలుగో తరగతికి భాగహారం, ఇంకో పక్క ఐదో తరగతికి భిన్నాలు. మూడో తరగతి వాళ్లు కింద కూర్చుని పాఠం చూసి రాస్తుంటారు. సారు 75ని 4తో భాగించే లెక్క సగం చెప్పాడో లేదో, పక్క గదిలో ఒకటో తరగతి పిల్లలు కొట్టుకుని ఏడుపులు. ఆయన అటు వెళ్లాడు. ఇక్కడ నాలుగో తరగతి పిల్లాడొకడు భాగఫలం 17, శేషం 7 అని రాసుకున్నాడు. శేషం 7 మిగిలిందంటే అందులో ఇంకో నాలుగు పోతుంది కదా నాన్నా అని పక్కన కూర్చుని ఒక్క మాట చెప్తే చాలు, ఆ పిల్లాడికి జన్మలో మళ్లీ ఆ తప్పు రాదు. చెప్పేవాళ్లు లేరు. ఆ రోజు ఇంటికి అలాంటివే పది లెక్కలు ఇచ్చారు. వాడు బుద్ధిగా అన్నీ చేసుకొచ్చాడు. 58ని 5తో భాగిస్తే భాగఫలం 10, శేషం 8. పది లెక్కల్లో అదే తప్పు. ఆ నోటుబుక్కులో సంతకం ఉన్నా లేకపోయినా పిల్లాడికి ఒరిగేదేంటి?

బళ్లో చెప్పని పాఠం హోంవర్క్‌తో రాదు. చెప్పిన దాన్ని గట్టిపరచడానికి పనికొస్తుంది, అంతే. నా సర్వీసంతా పిల్లల నోటుబుక్కులు దిద్దుతూనే గడిచింది, ఈ మాట ఎవరి ముందైనా అంటాను. మూడో తరగతి పాప ఒకతె నోటుబుక్కు చూశాను. పరిసరాల విజ్ఞానం పాఠాన్ని ఇంగ్లిషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. చదవమంటే మూడో వాక్యం దాకా బట్టీ పట్టింది అప్పజెప్పి ఆగిపోయింది. ఆ పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉంటుంది కదా, సరే తెలుగులో చదువమ్మా అన్నాను. ఒత్తులు వచ్చిన చోటల్లా నా ముఖం చూసింది. ఆ పాప తప్పు ఇసుమంతైనా లేదు. ఒత్తులు నేర్పే వయసులో ఆమె పక్కన కూర్చోవడానికి ఆ బడిలో మనిషి లేడు. ఇంట్లో నేర్పించుకోవచ్చు కదా అంటారు. పత్తి ఏరే రోజుల్లో తల్లిదండ్రులు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. వాళ్లలో చాలామంది వేలిముద్ర వేసేవాళ్లే. డైరీలో పేరెంట్ సైన్ ఎక్కడి నుంచి వస్తుంది?

పట్నంలో ప్రైవేటు స్కూళ్ల సంగతి ఇంకో రకం. మా మనవడు రెండో తరగతి. అన్నం తింటూ కూడా హోంవర్క్ టెన్షనే. ప్రాజెక్టు పేరుతో చార్టుల మీద బొమ్మలు వాళ్లమ్మ గీస్తుంది, మార్కులు వాడికి వేస్తారు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్కే ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదు. మన రాష్ట్రంలో 2017లోనే ఒకటి, రెండు తరగతుల బ్యాగు బరువు కిలోన్నర దాటకూడదని ఉత్తర్వు ఇచ్చారు. మా వాడి బ్యాగు నేను ఎత్తితేనే భుజం లాగుతుంది. ఆ స్కూళ్లకు వెళ్లి బ్యాగులు తూచిన అధికారిని నేనింతవరకు చూడలేదు. దిక్కులేని ఊరి బడికి మాత్రం మెమోలు వస్తాయి.

టీచర్లున్న చోట కూడా వాళ్లను బళ్లో ఉండనిస్తున్నారా? 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ఎస్జీటీలను పంపి ప్రైమరీ బడులను ఒంటిపూట నడిపారు. హైస్కూళ్లు మామూలుగానే నడిచాయి. అంటే చిన్నపిల్లల చదువు పోయినా ఫరవాలేదన్నమాటేగా! పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప టీచర్లకు బడి బయటి పనులు చెప్పొద్దని చట్టంలో ఉంది. ఆ సర్వే ఈ మూడింటిలో ఏది? ఏ అధికారికి మెమో ఇచ్చారు దానికి? కరోనా వచ్చాక విద్యా వాలంటీర్లను కూడా తీసేశారు. ఉన్నప్పుడు కనీసం ఒకటో తరగతి పిల్లల్ని చూసుకునే దిక్కుండేది.

2022 ఆగస్టులో తొలిమెట్టు మొదలుపెట్టారు. మంచి కార్యక్రమం, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. ఏ పిల్లాడు ఎక్కడ వెనకబడ్డాడో విడివిడిగా చూసి అక్కడి నుంచి చెప్పడమే కదా దాని ఉద్దేశం. దానికి మనుషులు కావాలి. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వే చూస్తే దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగిందంటే టీచర్ల చలవే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు. ఇలాంటప్పుడు ఉన్న టీచరమ్మను తీసేసి, మిగిలిన సారును సంతకాల లెక్క అడగడం అన్యాయం. మెమో వచ్చినప్పటి నుంచి ఆయన పాఠం పక్కన పెట్టి గంటల తరబడి పాత నోటుబుక్కుల్లో సంతకాలు పెడుతున్నాడు. ఆ మేరకు పోయింది కూడా పిల్లల సమయమే.

ఆ మెమో వెనక్కి తీసుకోవాలి. డిప్యుటేషన్ రద్దు చేసి ఎస్ఏ-1 (అర్ధ సంవత్సర) పరీక్షలలోపు టీచరమ్మను మా బడికి పంపాలి. అలాగే మీకో విన్నపం. మన జిల్లాలో ఒక్క టీచరుతో నడుస్తున్న ప్రైమరీ బడులేవో, అక్కడి నుంచి డిప్యుటేషన్ మీద ఎవరిని ఎక్కడికి పంపారో మండలాల వారీగా మీ విలేకరుల చేత రాయించండి. మా మండలం వివరాలు నేను ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఉమ్మడి నల్గొండ జిల్లా