సంఘ విచారణ పెద్దల దగ్గర మొదలవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

క్రైస్తవ సంఘాల్లో తప్పు చేసినవాళ్లను విచారించి బల్లకు, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు, దూరం పెట్టే పద్ధతి గురించి రాస్తున్నాను. కొన్నిచోట్ల అది జరిగే తీరు మనసును కలచివేస్తుంది. పెళ్లికి ముందే గర్భవతి అయిన అమ్మాయిని ఆరాధన చివర, ప్రకటనలు చదివే వేళ, అందరి ముందు లేపి నిలబెడతారు. తప్పు ఒప్పుకోమంటారు. ఆ తర్వాత బల్ల ఇచ్చే ఆదివారం ద్రాక్షరసం పళ్లెం వరుసలో ఆమె దాకా వచ్చి, ఆమెను దాటి పక్కావిడ చేతిలోకి వెళ్తుంది. అబ్బాయి ఊసు ఎవరూ ఎత్తరు. అదే సంఘంలో కానుకల లెక్క చూపించని పెద్దనో, భార్యను కొట్టే పెద్దనో ఎవరైనా ప్రశ్నిస్తే వెంటనే ఒక వాక్యం అడ్డం పెడతారు: ‘తీర్పు తీర్చకుడి’.

ఆ వాక్యం ఉన్న బైబిల్లోని మత్తయి సువార్త 7వ అధ్యాయాన్ని మొదటి వచనం దగ్గరే ఆపేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఐదో వచనం దాకా చదివితే అందులో ఒక వరుస కనిపిస్తుంది. ముందు నీ కంట్లోని దూలం తీసుకో, అప్పుడు నీ సహోదరుడి కంట్లోని నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అన్నాడు యేసు. నలుసును అలాగే వదిలేయమనలేదు. వరుస తప్పితే బలహీనులకు తీర్పు, బలవంతులకు మినహాయింపు మిగులుతాయి. రోమా సంఘానికి రాసిన ఉత్తరంలో (రోమా 2:1) అపొస్తలుడైన పౌలు తప్పుపట్టింది కూడా ఎదుటివాళ్లకు తీర్పు తీరుస్తూ అవే పనులు చేసేవాళ్లనే.

యోహాను సువార్త 8వ అధ్యాయాన్ని చాలామంది కరుణ గురించే బోధిస్తారు. అందులో విచారణ పద్ధతి కూడా ఉంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్లతో కొట్టి చంపాలంటూ యేసు దగ్గరికి తెచ్చినవాళ్లు మోషే ధర్మశాస్త్రాన్ని ఉదహరించారు. ఆ ధర్మశాస్త్రమే లేవీయకాండం 20:10లో, ద్వితీయోపదేశకాండం 22:22లో స్త్రీపురుషులిద్దరికీ శిక్ష చెబుతుంది. పట్టుబడిందంటున్నారు, మరి మగవాడేడి? ద్వితీయోపదేశకాండం 17:7 ప్రకారం మొదట చెయ్యెత్తాల్సింది సాక్షులు. పాపం లేనివాడు ముందుగా రాయి వేయవచ్చన్న యేసు మాట వాళ్లకే సూటిగా తగిలింది. పెద్దవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరే వెళ్లిపోయారని యోహాను పనిగట్టుకుని రాశాడు. ఇక పాపం చేయవద్దని యేసు ఆమెకు చెప్పింది మాత్రం వాళ్లంతా వెళ్లాకే, ఆమెను శిక్షించనన్న తర్వాతే.

ఇక ఆచరణ. మత్తయి 18:15–17లో మెట్లు స్పష్టంగా ఉన్నాయి. మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పుడూ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మన దగ్గర మొదటి రెండు మెట్లూ ఎగిరిపోయి విషయం నేరుగా మైకు మీదికి వస్తోంది. ఒంటరిగా చెబితే తప్పు దిద్దుకునేవాళ్లు కూడా ఆ అవమానంతో సంఘం వదిలి వెళ్లిపోతారు. గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 1 తిమోతి 5:19–20లో అందరి ముందు గద్దించమని పౌలు రాసింది, ఇద్దరు ముగ్గురు సాక్షులతో తప్పు రుజువైనా మానని సంఘ పెద్దల విషయంలో. మనం దాన్ని తలకిందులు చేశాం.

విచారణకు కూర్చునే కమిటీ కనీసం ఇవి పాటించాలి. తన మీదే ఫిర్యాదు ఉన్న పెద్ద, ఫిర్యాదుదారుకు గానీ నిందితుడికి గానీ బంధువైన పెద్ద ఆ విచారణ నుంచి తప్పుకోవాలి. ఆరోపణ కాగితం మీద ఉండాలి, ఎదుటివాళ్లు చెప్పేదీ రాసుకోవాలి. స్త్రీకి సంబంధించిన విషయమైతే కమిటీలో స్త్రీలుండాలి, ఇద్దరి తప్పుకు ఇద్దరినీ పిలవాలి. బల్లకు దూరం పెడితే ఎంతకాలమో, తిరిగి చేర్చుకునేదెప్పుడో ఆరోజే చెప్పాలి. 2 కొరింథీ 2:6–8లో, సంఘం శిక్షించిన ఒకతని గురించి, శిక్ష చాలు, అతను అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించండి అంటాడు పౌలు. గడువు లేని వెలి ఆ మాటకు విరుద్ధం.

పిల్లల మీద లైంగిక దాడి జరిగితే మాత్రం ఈ మెట్లేవీ వర్తించవు, ఇద్దరు సాక్షుల కోసం ఎదురుచూడకూడదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు పడవచ్చు. సంఘం పరువు పేరుతో లోపలే రాజీ కుదర్చడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది.

సంఘ సర్వసభ్య సమావేశాలు జరిగినప్పుడు ఈ నియమాలను రాతపూర్వకంగా ఆమోదించమని సభ్యులు, ముఖ్యంగా స్త్రీలు, పట్టుబట్టాలి. ఆడిట్ అయిన కానుకల లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టని కమిటీ ఎవరి విచారణకూ కూర్చోరాదని అదే సమావేశంలో తీర్మానం చేయించాలి.

ఇట్లు,
ఒక సండే స్కూల్ ఉపాధ్యాయురాలు, ఏలూరు